కమాండ్ లైన్లో చేత్తో మెయిల్ పంపేదెట్టా? కాటా కంప్యూటర్ నుంచి మెయిళ్ళు ఆగిపోయినయ్

కాటా_రూము (చీమకుర్తి):

అన్నలూ, మాది చీమకుర్తి దగ్గర గెలాక్సీ రాయి యార్డు, నేను కాటా రూములో కంప్యూటర్ చూస్తా. అందులో ఉబుంటు (లైనక్స్) ఉంది. ఒక షెల్ స్క్రిప్ట్ (కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు) రోజూ సాయంత్రం ఆ రోజు కాటా ఎక్కిన లారీల లిస్టు, ఖాళీ బరువు, లోడు బరువు అన్నీ కలిపి ఒంగోలు ఆఫీసులో ఓనర్ గారికి, ఆడిటర్ గారికి మెయిల్ కొట్టేది. రాసిన పిల్లోడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నా అంటాడు.

ఈమధ్య మెయిళ్ళు పోవట్లా. లాగ్ ఫైల్లో చూస్తే పంపడం ఫెయిల్ అని ఒక్క ముక్క, అంతకుమించి ఏం లేదు. అందుకే స్క్రిప్ట్ పక్కన పెట్టి నేనే ఒక్కో కమాండ్ కొట్టి పంపితే యాడ ఆగుతుందో తెలుస్తుంది కదా అని టెల్నెట్‌లో (చేత్తో కొట్టింది సర్వర్‌కి పంపే ప్రోగ్రామ్) మా మెయిల్ సర్వర్ పేరు, పక్కన పోర్టు (సర్వర్లో ఒక్కో పనికి ఒక్కో తలుపు) నంబర్ 25 ఇచ్చి చూశా. ట్రయింగ్ అని చూపిచ్చి అట్టనే కూర్చుంటది, చానాసేపటికి టైమవుట్ అంటది. అదే మెయిల్ బ్రౌజర్లో ఓపెన్ చేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మెయిల్ మా సొంత డొమైన్ మీదే, హోస్టింగ్ వాళ్ళ దగ్గర ఉంది. నేను డిగ్రీ బీకాం, లైనక్స్ అంటే చూసి నేర్చుకున్నదే, కాస్త అర్థమయ్యేట్టు చెప్పండి.

---

ఒంగోలు_వైర్లు:

తమ్ముడూ, ముందు ఒక్క మాట. టైమవుట్ వేరు, రెఫ్యూజ్డ్ వేరు. రెఫ్యూజ్డ్ అని టక్కున వస్తే అవతల మిషను ఉంది గానీ ఆ పోర్టులో ఎవరూ వినట్లేదని అర్థం. నీకొచ్చినట్టు చానాసేపు ఊరికే కూర్చుని టైమవుట్ అయితే మధ్యలో ఎవరో ప్యాకెట్లు మింగేస్తున్నారు. 25 విషయంలో ఆ ఎవరో ఎక్కువసార్లు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళే. వైరస్ పట్టిన కంప్యూటర్లు నేరుగా స్పామ్ పంపకుండా మామూలు కనెక్షన్లకి బయటికి పోయే 25ని మూసేస్తారు. క్లౌడ్‌లో కూడా అంతే, గూగుల్ క్లౌడ్, అమెజాన్ ఈసీ2 రెండిట్లోనూ 25 మామూలుగా మూసే ఉంటది. మీ యార్డులో ఈమధ్య నెట్ కనెక్షన్ ఏమన్నా మార్చారా?

అసలు 25 నీకోసం కాదు, ఒక మెయిల్ సర్వర్ ఇంకో మెయిల్ సర్వర్‌కి అందించడానికి. మనలాంటోళ్ళు మన సర్వర్‌కి మెయిల్ అప్పజెప్పడానికి 587 లేదా 465. 587లో మామూలుగా మొదలుపెట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ అని మధ్యలో తాళం (ఎన్‌క్రిప్షన్) వేస్తారు, 465లో మొదటి నుంచే తాళం ఉంటది. అందుకే ఈ రెండిటికీ ఉత్త టెల్నెట్ పనికిరాదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కావాల. తాళం వేసి మాట్లాడే ప్రోగ్రామ్ అది, ఉబుంటులో ఉంటది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్‌_క్లయింట్ అని కొట్టి, మైనస్ స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎస్ఎంటీపీ, మైనస్ సీఆర్‌ఎల్‌ఎఫ్, మైనస్ కనెక్ట్ పక్కన సర్వర్ పేరు, కోలన్, 587. నేను తెలుగులో రాస్తున్నా గానీ నువ్వు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాల, తెలిసిందే కదా. ఆ సీఆర్‌ఎల్‌ఎఫ్ మర్చిపోబాకు, ఎస్ఎంటీపీలో (మెయిల్ పంపడానికి సర్వర్‌తో మాట్లాడే భాష) లైను చివర రెండు గుర్తులు పోవాల, లైనక్స్ ఒక్కటే పంపుద్ది.

సర్టిఫికెట్ గోల అంతా స్క్రోల్ అయ్యాక చివర్లో 250తో మొదలయ్యే ఒక లైను కనబడి ఆగుద్ది. 220 అని స్వాగతం రాలేదేందని ఎదురుచూడబాకు, అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్లే తినేసి ఉంటది. ఇంక నువ్వు మొదలుపెట్టాల:

ఈహెచ్ఎల్ఓ కాటా
ఆథ్ లాగిన్
మెయిల్ ఫ్రమ్:<కాటా@మీ-డొమైన్>
ఆర్‌సీపీటీ టూ:<ఓనర్@మీ-డొమైన్>
డేటా

డేటా అన్నాక 354 వస్తే అప్పుడు సబ్జెక్టు, విషయం కొట్టి, చివర ఒక లైన్లో ఉత్త చుక్క పెట్టి ఎంటర్. 250 వస్తే సర్వర్ తీసుకున్నట్టు. తర్వాత క్విట్, 221 అని చెప్పి పెట్టేస్తది. ప్రతిదానికీ వచ్చే నంబర్లో మొదటి అంకె చూసుకో, 2 అంటే సరే, 3 అంటే ఇంకా చెప్పు, 4 అంటే ఇప్పుడు కాదు తర్వాత రా, 5 అంటే కుదరదు. నీ స్క్రిప్ట్ ఫెయిల్ అని ఒక్క ముక్కలో పెట్టింది చూడు, దాని కింద ఈ నంబర్లలో ఒకటి ఉంటది, దాన్ని నీకు చూపించకుండా దాచింది అంతే.

---

టెర్మినల్_తమ్ముడు:

ఇంత ఎందుకు బ్రో, స్వాక్స్ అని టూల్ ఉంది ఇన్‌స్టాల్ చేస్కో, ఒక్క లైన్లో ఫ్రమ్, టూ, సర్వర్, పాస్‌వర్డ్ ఇస్తే అంతా అదే మాట్లాడి మొత్తం స్క్రీన్ మీద చూపిస్తది. కర్ల్‌తో కూడా మెయిల్ పంపొచ్చు. 2 నిమిషాల పని.

---

పెన్నా_గట్టు (నెల్లూరు):

స్వాక్స్ మంచిదే, నేనూ వాడతా. కానీ ఈ అబ్బయ్య అడిగింది చేత్తో ఎట్టా అని, ఒక్కసారి చేత్తో కొడితే తర్వాత స్వాక్స్ ఏం చూపిస్తా ఉండాదో అర్థమవుద్ది, లేకపోతే అదీ ఇంకో ఫెయిల్ మెసేజే. ఎస్ఎంటీపీని 1982లో జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 821 (ఇంటర్నెట్ నియమాల పత్రం)గా రాసినప్పుడు మనిషి చదవగలిగేట్టే పెట్టారు, మెయిల్, ఆర్‌సీపీటీ, డేటా, క్విట్ అనే ఆ నాలుగు మాటలూ ఇవ్వాళ్టికీ అట్టనే ఉండాయి. 2008లో 5321 అని కొత్తది వచ్చింది గానీ మాటలు మారలా.

ఒంగోలు అన్న చెప్పిందాంట్లో ఒక గుంట ఉండాది, అందరూ పడతారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్‌_క్లయింట్‌లో లైను మొదట్లో పెద్ద ఆర్ కొడితే అది సర్వర్‌కి పోదు. రీనెగోషియేట్ చెయ్యమని (తాళం సంగతి మళ్ళీ మాట్లాడుకోమని) తనకే చెప్పినట్టు అనుకుంటుంది. మనకేమో ఆర్‌సీపీటీ కొట్టాల, అది ఆర్‌తోనే మొదలు! స్క్రీన్ మీద రీనెగోషియేటింగ్ అని వస్తది, టీఎల్‌ఎస్ 1.3 (ఆ తాళం పద్ధతిలో కొత్త వర్షన్) అయితే ఎర్రర్ ఇచ్చి లైనే తెగిపోద్ది. జనం సర్వర్‌ని తిట్టుకుంటా కూర్చుంటారు, దాని పాపం ఏం లేదు. పెద్ద క్యూ కొట్టినా ఇంతే, మొత్తం బయటికి వచ్చేస్తది. ఎస్ఎంటీపీ కమాండ్లకి చిన్న పెద్ద తేడా లేదు కాబట్టి అన్నీ చిన్నక్షరాల్లో కొట్టు, సరిపోద్ది. లేదంటే కమాండ్ మొదట్లోనే మైనస్ క్వయట్ పెట్టు, సర్టిఫికెట్ గోలా పోద్ది ఈ ఆర్ గోలా పోద్ది.

ఇంకోటి, డేటా ముందు కొట్టే మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ టూ ఒకటి, డేటా లోపల కొట్టే ఫ్రమ్, టూ ఇంకోటి. మొదటివి పోస్టు కవరు మీద రాసే అడ్రసు, లోపలివి ఉత్తరం పైన రాసేవి. పోస్టాయన కవరే చూస్తాడు, చదివేవాళ్ళకి ఉత్తరం మీదదే కనబడుద్ది. బీసీసీ అంటే అదే, ఆర్‌సీపీటీలో పేరు ఉంటది, లోపల టూలో ఉండదు. వేరే మాయేం లేదు.

---

కాటా_రూము:

ఒంగోలు అన్నా, నువ్వడిగింది కరెక్టే, పోయిన నెల పాత కనెక్షన్ తీసేసి ఫైబర్ వేశారు, మెయిళ్ళు ఆగింది కూడా అప్పట్నుంచే. 587కి పోయింది, 250 వచ్చింది! చూసి భలే సంతోషమేసింది. చిన్నక్షరాల్లోనే కొట్టా.

ఆథ్ లాగిన్ అనగానే 334 అని పక్కన ఏదో పిచ్చి అక్షరాలు వచ్చినయ్, మెయిల్ ఐడీ కొడితే 501 అంది. తర్వాత వెతికితే బేస్64 (మాటని వేరే అక్షరాలు, అంకెల్లోకి మార్చే పద్ధతి) చెయ్యాలని తెలిసి, ఎకో పెట్టి ఐడీ, పాస్‌వర్డ్ రెండూ బేస్64కి పైప్ చేసి ఇచ్చా. ఇప్పుడు 535 ఆథెంటికేషన్ ఫెయిల్డ్. అదే పాస్‌వర్డ్ బ్రౌజర్లో పనిచేస్తుంది. నేను కొట్టింది మొత్తం కింద పెడతన్నా చూడండి.

(కింద పెట్టిన లైన్లు తీసేశా)

---

పెన్నా_గట్టు:

మంచి పని చేసినావు తీసేసి. అందరికీ చెప్తా ఉండా, బేస్64 అంటే తాళం కాదు, వేషం మార్చడమే. ఎవరైనా వెనక్కి తిప్పి చదివేస్తారు. టెర్మినల్ కాపీ యాడన్నా పెట్టేముందు ఆథ్ తర్వాత లైన్లు తీసేయండి. ఇంక ఆ పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చెయ్, కొంతమంది చూసే ఉంటారు.

నీ 535కి కారణం పాస్‌వర్డ్ కాదు, ఎకో. ఎకో చివర ఒక కొత్త లైను గుర్తు కలుపుద్ది, అది కూడా బేస్64లో కలిసి పోయింది, సర్వర్‌కి నీ పాస్‌వర్డ్ చివర ఎంటర్ ఉన్నట్టు కనబడతా ఉండాది. ఎకో మైనస్ ఎన్ కొట్టు, ఇంకా మంచిది ప్రింట్‌ఎఫ్‌తో శాతం ఎస్ ఇచ్చి చెయ్. ప్రింట్‌ఎఫ్‌కి పాస్‌వర్డ్ నేరుగా ఇయ్యబాక, అందులో శాతం గుర్తు ఉంటే తికమక పడుద్ది. ఆ పిచ్చి అక్షరాలు కూడా బేస్64లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అనే మాటలే, తిప్పి చూడు.

ఇవన్నీ ముందే చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకుని అప్పుడు కనెక్ట్ అవ్వు, లైను తెరిచి ఊరికే కూర్చుంటే 421 అని సర్వర్ పెట్టేస్తది. పనైపోయాక ఆ ఫైలూ, షెల్ హిస్టరీలో ఆ లైన్లూ తీసెయ్.

---

రొయ్యల_గుంట:

మధ్యలో దూరినందుకు ఏమనుకోబాకండి. మాది కావలి వైపు, చెరువు గట్టు మీద ఆక్సిజన్ మీటర్‌కి ఒక రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) తగిలించినాం, ఆక్సిజన్ పడిపోతే జీమెయిల్ నుంచి మెయిల్ రావాల. అదే 535 మాకూ వస్తా ఉండాది, ఎకో కూడా మార్చి చూసినా.

---

ఒంగోలు_వైర్లు:

జీమెయిల్ కథ వేరు. 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ అకౌంట్లకి ఉత్త యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో బయట ప్రోగ్రాములు లాగిన్ అయ్యే దారి మూసేశారు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకో, 16 అక్షరాలు ఇస్తది, నాలుగు నాలుగుగా విడగొట్టి చూపిస్తది, ఖాళీలు తీసి కలిపి వాడు.

కానీ అన్నా, రాత్రి 2 గంటలకి ఆక్సిజన్ పడిపోతే మెయిల్ ఎవరు చూస్తారు? సైరన్ పెట్టించు, లేదా ఫోన్ మోగేట్టు చెయ్. మెయిల్ లెక్కల కోసం ఉంచుకో.

---

కాటా_రూము:

పాస్‌వర్డ్ మార్చా, ప్రింట్‌ఎఫ్‌తో చేశా, 235 వచ్చింది!! తర్వాత మెయిల్ ఫ్రమ్‌కి 250 అంది, ఆర్‌సీపీటీ కొట్టగానే 553 అని, సెండర్ అడ్రస్ రిజెక్టెడ్, నాట్ ఓన్డ్ బై యూజర్ అంది. నేను ఆఫీస్ ఐడీతో లాగిన్ అయ్యి ఫ్రమ్‌లో కాటా ఐడీ పెట్టా, స్క్రిప్ట్‌లో అట్టనే ఉంది మరి. రెండూ ఒకటే చేసి కొడితే పోయింది. 250, క్యూడ్ అని చివర ఒక నంబర్ ఇచ్చింది.

ఓనర్ గారికి మెయిల్ వచ్చింది గానీ రెండు తేడాలు. సబ్జెక్ట్ లేదు, నేను కొట్టిన సబ్జెక్ట్ లైను పోయి మెయిల్ లోపల కనబడుతుంది. అది సరిచేసి తెలుగులో చీమకుర్తి కాటా లెక్కలు అని పెడితే ఓనర్ గారి ఔట్‌లుక్‌లో పిచ్చి గుర్తులు వస్తన్నయ్. మొదటిది స్పామ్‌లో పడింది కూడా.

---

పెన్నా_గట్టు:

సర్వర్ ఆర్‌సీపీటీ దాకా ఆగి ఫ్రమ్‌ని తప్పు పట్టడం మామూలే, చాలా సర్వర్లు ముందు అన్నీ విని అప్పుడు చెప్తాయి. ఎవరి ఐడీతో లాగిన్ అయితే ఆ ఐడీ నుంచే పంపాలనే రూలు మంచిదే, లేకపోతే కాటా రూములో కూర్చుని ఓనర్ పేరుతో మెయిల్ కొట్టొచ్చు.

డేటాకి 354 వచ్చాక వెంటనే మొదటి లైను నుంచే ఫ్రమ్, టూ, డేట్, సబ్జెక్ట్ ఉండాల, వాటి మధ్యలో ఖాళీ లైను ఉండకూడదు. అన్నీ అయ్యాక ఒక ఖాళీ లైను, దాని కింద విషయం. నువ్వు 354 చూసి అలవాటుగా ఒక ఎంటర్ కొట్టి ఉంటావు, అక్కడితో హెడర్లు (పైన ఉండే ఆ లైన్లు) అయిపోయినయ్ అనుకుంది, సబ్జెక్ట్ విషయంలోకి పోయింది. ఫ్రమ్, టూ, డేట్ ఏవీ లేని మెయిల్ అంటే స్పామ్ ఫిల్టర్లకి అనుమానం, డేట్ చేత్తో కొట్టేటప్పుడు చివర ప్లస్ 0530 పెట్టు. డేట్ మైనస్ ఆర్ అని కమాండ్ కొడితే కావాల్సిన పద్ధతిలోనే ఇస్తది, కాపీ చేసుకో.

తెలుగు సబ్జెక్ట్ నేరుగా కొట్టబాక. హెడర్లు పుట్టింది ఉత్త ఇంగ్లీషు అక్షరాల కాలంలో. ఈక్వల్, క్వశ్చన్ మార్క్, యూటీఎఫ్-8, క్వశ్చన్ మార్క్, బి, క్వశ్చన్ మార్క్, తర్వాత తెలుగు మాట బేస్64లో, చివర క్వశ్చన్ మార్క్, ఈక్వల్. ఈ ముక్క మొత్తం 75 అక్షరాలు దాటకూడదు. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే బేస్64లో సరిగ్గా 4 అక్షరాలు. చీమకుర్తి అనే మాటలో గుడిదీర్ఘం, కొమ్ము, పొల్లు అన్నీ లెక్కేస్తే 9 గుర్తులు, 36 అక్షరాలు అయితది. ముందూ వెనకా గుర్తులు పోను ఒక ముక్కలో 15 తెలుగు గుర్తులు పడతాయి, ఎక్కువైతే ఇంకో ముక్క పక్కన ఖాళీ వదిలి పెట్టాల. విషయానికి మాత్రం మైమ్ వర్షన్ 1.0, కంటెంట్ టైప్ టెక్స్ట్ ప్లెయిన్ క్యారసెట్ యూటీఎఫ్-8, ఇంకా కంటెంట్ ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్ 8బిట్ అని మూడు హెడర్లు పెడితే తెలుగు నేరుగా కొట్టొచ్చు.

ఒకటి అడగాల, మీ కాటా లిస్టులో బరువులు ఎట్టా వస్తాయి? సున్నా లేకుండా ఉత్త చుక్కతో మొదలయ్యే లైన్లు ఉండాయా?

---

కాటా_రూము:

ఉంటయ్ అన్నా, టన్ను లోపలయితే .50 అని వస్తది, స్క్రాప్ ట్రాక్టర్లకి. లైను మొదట బరువే ఉంటది, తర్వాత బండి నంబర్. ఏం?

---

పెన్నా_గట్టు:

అయితే అదే చూసుకోవాల్సింది. చివర ఒంటి చుక్క అంటే మెయిల్ అయిపోయిందని కదా. మరి విషయంలోనే చుక్కతో మొదలయ్యే లైను ఉంటే? రూల్ ఏందంటే పంపేవాడు ముందు ఇంకో చుక్క కలపాల, తీసుకునే సర్వర్ మొదటి చుక్క తీసేస్తది. నువ్వు కలపకుండా .50 అని కొడితే సర్వర్ తన వంతు చుక్క తీసేసి 50 అని చేరుస్తది. అర టన్ను స్క్రాపు 50 టన్నులు అయ్యి ఆడిటర్ దగ్గర కూర్చుంటది, ఏ ఎర్రరూ రాదు. సరైన మెయిల్ ప్రోగ్రామ్ అయితే తనే కలుపుద్ది, చేత్తో కొట్టేటప్పుడూ, ఎవరో పిల్లోడు నేరుగా సాకెట్ తెరిచి రాసిన స్క్రిప్ట్‌లోనూ మనమే చూసుకోవాల. పాత మెయిళ్ళు తీసి ఒకసారి సరిచూడు.

---

కాటా_రూము:

అమ్మో. చూశా అన్నా, పాతవాటిల్లో .50 లు సరిగానే ఉన్నయ్, ఆ పిల్లోడు చుక్కకి ముందు చుక్క పెట్టే లైను ఒకటి రాసుంచాడు, నేను అదేందో అర్థంకాక తీసేద్దామనుకున్నా ఇన్నాళ్ళూ.

స్క్రిప్ట్‌లో 25 తీసి 587 పెట్టా, తాళం వెయ్యడం దానికి రాదంట, అందుకే మెయిల్ పంపే చిన్న ప్రోగ్రామ్ ఎంఎస్‌ఎంటీపీ ఇన్‌స్టాల్ చేసి దానికి అప్పజెప్పా. ఇప్పుడది చుక్కలు తనే చూసుకుంటదా, లేక పిల్లోడి లైను ఉంచాలా? ఇంకోటి, సాయంత్రం కరెంట్ పోయి నెట్ లేకపోతే ఆ రోజు మెయిల్ పోయినట్టేనా?

---

ఒంగోలు_వైర్లు:

ఎంఎస్‌ఎంటీపీ చుక్కలు తనే కలుపుతది, పిల్లోడి లైను తీసెయ్, లేకపోతే రెండుసార్లు కలిసి ..50 అని పోతది. ఒక ట్రాక్టర్ బరువు నీకే పంపుకుని చూసి అప్పుడు ఓనర్ గారికి పెట్టు.

నెట్ లేనప్పుడు ఎంఎస్‌ఎంటీపీ ఊరికే ఫెయిల్ అయిపోతది, దానంతటది దాచుకోదు. మీ దగ్గర కరెంట్ సంగతి తెలిసిందే కాబట్టి మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ వేసుకో, రిలేహోస్ట్ అని సెట్టింగ్‌లో హోస్టింగ్ సర్వర్ పేరు, 587 ఇచ్చి పాస్‌వర్డ్ ఫైల్ పెట్టుకుంటే సరిపోద్ది, బయటి నుంచి మెయిల్ తీసుకోకుండా లూప్‌బ్యాక్ ఓన్లీ అని పెట్టు. నెట్ లేకపోతే క్యూలో ఉంచుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తది, మామూలుగా 5 రోజుల దాకా. మెయిల్‌క్యూ అని కొడితే ఆగినవి కనబడతాయి, పక్కనే ఎందుకు ఆగిందో సర్వర్ చెప్పిన నంబర్‌తో సహా ఉంటది. నెట్ వచ్చాక ఆగలేకపోతే పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్ కొట్టు, అన్నీ ఒకేసారి బయల్దేరతాయి.